అవతలి ఒడ్డు సిగ్నల్

సిరోంచల టవర్ ఉన్నది గని
ఆదివారం పొద్దుమూకితే దానికీ సెలవే.
అందుకే ప్రాణహిత వంతెన మీదికి పోయినం
మూడు బండ్ల మీద ఏడుగురం,
సీజన్ల ఆఖరి రేసు చూడనీకి.

వంతెన సగం దాటంగనే ఫోను గణగణ మోగుతది,
తెలంగాణకు స్వాగతమని.
నాలుగడుగులు ఎనక్కేస్తే మహారాష్ట్ర,
తెర మీద చక్రం తిరుగుతనే ఉంటది.
రెండడుగులు ముందుకేస్తే స్పెయిన్.

ఫోను నాది. సదాశివ్ బుల్లెట్ హ్యాండిల్‌కు
ట్యూబు ముక్కతోని కట్టినం.
ఉస్తాద్ బక్కన్నకు ముందు వరుస,
అంటే పిట్టగోడ.

మావోడు ఎనభై ఆరు.
అయిదో నంబర్ల వచ్చినా చాలు, ఏడాదంతా మాదే.
తలాండి లచ్చు పాయింట్లు లెక్కపెట్టి పెట్టి
తన వేళ్ళు చాలక నా వేళ్ళు అడుక్కున్నడు.
మార్చి నుంచి ఇదే లెక్క
మిర్చి కల్లాల కాడ, కరెంటాఫీసు మెట్ల మీద.

ఎర్రలైట్లు ఆరినయి.
ఇరవై రెండు బండ్లు ఒక్కపారి లేచినయి
తేనెతుట్టెకు రాయి తాకినట్టు.

మేం ఒర్లుతున్నం. ఉస్తాద్ ఒర్లడు.
ఆయన బండ్లను చూడడు,
గోడ ఎనక నిలబడ్డోళ్ళను చూస్తడు.
"ఆ పిలగాని చేతులు చూడుండ్రి.
గోర్లు ఎంత తెల్లగున్నయో!"
ఆయన గోర్ల కింద ముప్పై ఏండ్ల ఆయిలు,
పెండ్లినాటి పసుపుకు కూడా లొంగలేదట.

నడుమల చెప్పిండు, ఎవ్వలూ అడగకముందే:
ఈ వంతెన లేనినాడు
రెండు పడవలు జతగట్టి, మీద తలుపు పరిచి
బండ్లను నిలవెట్టి దాటించేటోళ్ళట.
ఒకపారి నడినీళ్ళల్ల పంతులుసారు స్కూటర్ ఒరిగింది.
"పట్టుకున్న. సైలెన్సర్ కాలుతున్నది.
ఇడిస్తే నీళ్ళపాలు.
పట్టుకున్న."
మోచేతి కింద మచ్చ ఇంకా ఉన్నది,
అరిగిన సబ్బుబిళ్ళంత, నున్నగ.

మూడు చుట్లున్నయనంగ
ఎనభై ఆరు పడ్డడు.
ఎవ్వలూ తాకలే, ఎవ్వలూ గుద్దలే.
ముందు చక్రం ఉట్టిగనే చెయ్యి ఇడిసింది,
జాతరల పిల్ల తప్పిపోయినట్టు.
కంకరల జారి, జారి, ఆగి,
లేచి బండి దిక్కు ఉరికిండు.
ఒళ్ళు దులుపుకోలే.
ఎత్తుతున్నడు, అది లేస్తలేదు,
హ్యాండిల్ ఒకపక్క తెగి ఏలాడుతున్నది,
అయినా ఎత్తుతున్నడు.

సదాశివ్ నదిలకు ఉమ్మిండు.
లచ్చు నా వేళ్ళు నాకిచ్చేసిండు.

అప్పుడు కెమెరా గ్యారేజీల దిక్కు తిరిగింది.
ఆ తెల్లగోర్ల పిలగాడే,
టైరుకు కప్పే దుప్పటి సగం మడిచి
గోడకు మొకం పెట్టి కూసున్నడు.
ఉస్తాద్ పిట్టగోడ దిగి
ఫోనుకు ముక్కు తాకేంత దగ్గరికొచ్చిండు.
"నీ తప్పేం లేదు బిడ్డా.
నువ్వు బిగించింది బిగించినట్టే ఉన్నది. నేను చూసిన."

వానికి ఇనవడ్డదో లేదో,
చక్రం తిరుగుడు మొదలువెట్టింది.

గెలిచిందెవరో తెల్సుకుంటనని
సదాశివ్ నా ఫోను ఇప్పుకొని
చెన్నూరు దిక్కు నడిచిండు,
గాలికి దీపం ఆరిపోతదన్నట్టు
అరచెయ్యి అడ్డంపెట్టి.

ఆయనకు ఎదురుంగ ఒకాయన
చైను తెగిన బండి నూకుకుంట వస్తున్నడు.
ఎనక ఆయన భార్య, చేతిల టిఫిను,
కొప్పుల, భుజాల మీద పత్తి.
పొద్దంతా ఏరి వస్తున్నరు.

"లైట్ కొట్టుండ్రిరా" అన్నడు ఉస్తాద్, అప్పటికే గొంతుక్కూసొని.
మూడు బండ్ల లైట్లు ఆయన చేతుల మీద పడ్డయి.
ఆమె అడిగింది, చీకట్ల ఏం చూస్తున్నరని.
"రేసు. అయిపోయింది" అన్నడు లచ్చు.
ఆమె కొప్పుల పత్తి తీసి గాలికిడిసింది.
అది ఏ రాష్ట్రంల పడ్డదో.

దూరంకెల్లి సదాశివ్ ఏదో పేరు కేకేసిండు,
సగం గాలి తిన్నది.
మిగిలిన సగం మాదాక రాకముందే
చైను పండ్లల్ల కూసున్నది, టక్కున.
ఉస్తాద్ ఆ సప్పుడుకే తలూపిండు.